అడిగినంతే వచ్చిన మనిషి

డేటాబేస్‌లోంచి మనుషుల వివరాలు తెచ్చే జావా ప్రోగ్రాములు రాయడం మా ఆయన పని. అందులో ఆయన పెట్టిన రూలు ఒకటుంది. ముందు పేరూ నంబరే తేవాలి. పెళ్ళాం, పిల్లలు, మిగతా సంసారం ఎవరైనా అడిగితేనే. అదీ డేటాబేస్‌తో కనెక్షన్ తెరిచి ఉన్నప్పుడే అడగాలి, మూశాక అడిగితే ఎర్రర్ వస్తుంది. బద్ధకానికి కూడా రూలు రాసిన మహానుభావుడు.

నిన్న సాయంత్రం ఆ రూలు ఆయనకే చుట్టుకుంది. ఇంటికొచ్చి పేరు చెప్పాడు, ఉద్యోగి నంబరు చెప్పాడు, చెప్పులు విప్పి బుద్ధిగా గుమ్మంలో నిలబడ్డాడు.

మేం పిడుగు అని పిలుచుకునే మా అమ్మాయి దువ్వెన పట్టుకుని పరిగెత్తింది. రోజూ దానికి జడ వేస్తూ ఆయన సొంతంగా అల్లి చెప్పే మొసలి కథ ఒకటి నడుస్తోంది.

"నాన్నా, మొసలి పన్ను పీకించుకుందా?"

"ఆ వివరం తేలేదమ్మా. కనెక్షన్ మూసేశారు."

పిల్ల మొహం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ కథ ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు మరి. ఆయన చెయ్యి పట్టుకుని మళ్ళీ ఆఫీసుకు లాక్కెళ్ళాను.

వాళ్ళ మేనేజరమ్మ బ్యాగు సర్దుకుంటోంది. సంగతి విని ఏమీ ఆశ్చర్యపోలేదు. "కనెక్షన్ రెండు నిమిషాలు తెరుస్తానండి. కావలసినవన్నీ ఇక్కడే అడిగేయండి. అడగనిది ఇంటికి రాదు," అంది.

గుక్క తిప్పుకోకుండా అడిగాను. పిడుగు సంగతులు, మొసలి కథ మొత్తం, అత్తయ్య మాత్రల వేళలు, వాషింగ్ మెషీన్‌ను ఎక్కడ తడితే తిరుగుతుందో, బీరువా తాళం ఎక్కడ పెట్టాడో. అన్నీ టకటకా వచ్చాయి. ఆవిడ మూసేసింది.

ఇంటికి రాగానే పిడుగును ముందు కూర్చోబెట్టుకుని జడ అల్లాడు. మొసలి నోరు తెరిచింది, పళ్ళ డాక్టరు కిటికీ దూకి పారిపోయాడు. పిల్ల పకపకా నవ్వింది. నా ప్రాణం కుదుటపడింది.

"అమ్మయ్య. కాసేపు నడుం వాలుస్తాను," అన్నాను.

ఆయన మర్యాదగా లేచి నిలబడ్డాడు. "మీరెవరో చెప్పలేదండీ."

ఇంటిల్లిపాది సంగతులూ అడిగాను గానీ, నా గురించి అడగనే లేదు. ఏడుపు ముంచుకొచ్చింది.

"అయ్యో, బాగా అలిసిపోయినట్టున్నారు. కూర్చోండి, టీ పెడతాను," అంటూ వంటింట్లోకి వెళ్ళాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆయన పొయ్యి వెలిగించడం అదే మొదలు. తలుపు దగ్గరకొచ్చి, "చక్కెర ఎన్ని చెంచాలు వేయమంటారు?" అని అడిగాడు.

ఒకటిన్నర అని చెప్పాను. ఆ సంగతి ఆఫీసులో అడిగి ఉన్నా ఆయన దగ్గర దొరికేది కాదు.