లిఫ్టమ్మ చూడని సముద్రం

మీరే. ఇంకెవరో కాదు. "ఆవిడకేమమ్మా, కాలు ఒక్కచోట నిలవదు, నెలంతా షికార్లే" అని గుమ్మాల్లో నిలబడి మూతులు తిప్పుకున్నది మీరే. ఆమె ఊరి నుంచి వచ్చి చెప్పులు విడవకముందే "బయటి తిండి తిని నోరు చచ్చిపోయింది, కాస్త వేడిగా ఏదైనా వండు" అన్నది మీరే. కంపెనీ ఖర్చు మీద లోకం చూస్తోందని ఆఫీసులో కన్ను గీటుకున్నదీ మీరే. ఒక మనిషిని ఏళ్ళ తరబడి ఊరూరా తిప్పి, ఒక్క ఊరు కూడా చూడనివ్వకుండా చేయడం మాటలు కాదు. ఒకరివల్ల అయ్యే పని కాదు. ఇంట్లో కొందరు, ఆఫీసులో కొందరు, అందరూ తలో చెయ్యీ వేస్తేనే అవుతుంది. వేశారు. ఇప్పుడు కూర్చుని వినండి.

ఆమె పని లిఫ్టులు పరీక్షించడం. ఆసుపత్రులు, బట్టల కొట్లు, హోటళ్ళు, ఎక్కడ లిఫ్టు ఉంటే కంపెనీ ఆమెను అక్కడికి పంపేది. లిఫ్టు నెత్తికెక్కి ఉక్కు తాళ్ళు అరిగాయో లేదో టార్చి వేసి చూడాలి. అడుగున గోతిలోకి దిగి చూడాలి. బ్రేకు పడే చప్పుడు చెవిపెట్టి వినాలి. ఆమె సంతకం పెట్టకపోతే ఎంత గొప్పవాడైనా మెట్లెక్కాల్సిందే. పనివాళ్ళు ఆమెను లిఫ్టమ్మ అని పిలిచేవాళ్ళు. భవనాల యజమానులు మాత్రం ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి, "ఇన్‌స్పెక్టరు గారేరమ్మా?" అని అడిగేవాళ్ళు. నేనేనండీ అంటే, "ఓహో, సారు రాలేదా" అని మొహం వేలాడేసుకునేవాళ్ళు. వరసగా సెలవులొస్తే చాలు, మగ ఇన్‌స్పెక్టర్లకు నడుం నొప్పులూ పిల్లల పరీక్షలూ గుర్తొచ్చేవి. దూరాభారం ఊళ్ళన్నీ లిఫ్టమ్మ నెత్తిన పడేవి. "నీకు తిరగడం సరదా కదమ్మా" అనేవాడు పెద్దసారు. సరదా అని ఆమె ఎప్పుడు చెప్పింది? చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. అనుకున్నదీ ఆయనే, నమ్మిందీ ఆయనే.

ఇంటి సంగతి ఇంకా ముచ్చటగా ఉండేది. ఒకసారి లిఫ్టమ్మ ఏడో అంతస్తు దగ్గర లిఫ్టు నెత్తి మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతులనిండా గ్రీజుతో తాళ్ళు చూస్తోంది. ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. మళ్ళీ. కూతురికి ఏమైందో, అత్తగారు ఎక్కడ పడ్డారో అని మోచేత్తో ఫోను నొక్కింది. అటు మొగుడు.

"ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావే?"

"పొయ్యి పక్కన. ఎడం వైపు."

"లేదు."

"టీ పొడి డబ్బా వెనకాల చూడండి."

కాసేపు గిన్నెల చప్పుడు. "ఆ... ఉంది. ఇక్కడుందని ముందే చెప్పొద్దూ! అందరం ఆకలితో చస్తున్నాం." ఫోను పెట్టేశాడు. ఉప్పు డబ్బా పెళ్ళయిన దగ్గర్నుంచీ అక్కడే ఉంది. అది ఏనాడూ ఊళ్ళు తిరగలేదు.

ఆ ఇంట్లో ఆమె ఊరికెళ్ళాలంటే ముందురోజు రెండు కూరలు వండి పెట్టి, బట్టలు ఇస్త్రీ చేసి, మందులు విడదీసి, పనిమనిషికి నాలుగుసార్లు చెప్పి వెళ్ళాలి. వచ్చాక తన పెట్టెలో మాసినవీ, ఇంట్లో పోగుపడినవీ కలిపి ఉతకాలి. అత్తగారు వీధి గుమ్మంలో కూర్చుని పక్కింటావిడతో అనేది: "మా కోడలు కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టిందమ్మా. మేమంటే ఈ నాలుగు గోడలే." లిఫ్టమ్మ లోపల బట్టలు పిండుతూ వినేది. ఆమె మాత్రం ఏం చూసిందని? వెళ్ళిన ప్రతి ఊరికీ ఒక గొయ్యి. ఆ గోతిలోంచి తలెత్తి చూస్తే పైన చారెడు వెలుగు. అదే ఆ ఊరు. సాయంత్రం ఒక గది, ఒక బల్బు, సబ్బుబిళ్ళ, తెల్లారితే రైలు. ఇంట్లో ఇంటిదీ కాలేదు, బయట బయటిదీ కాలేదు. రెండింటికీ మధ్య ఆగిపోయిన లిఫ్టులా బతికింది.

ఒక ఊళ్ళో ఒక హోటలుండేది. ఏటేటా దాని లిఫ్టు ఆమే చూసేది. ఆఖరిసారి వెళ్ళినప్పుడు గోతిలోంచి పైకొచ్చి, పెరట్లో కుళాయి దగ్గర చేతులు తోముకుంటుంటే కాపలా ముసలాయన ఊరికే పలకరించాడు.

"సముద్రం దాకా వెళ్ళొచ్చారా అమ్మా?"

"ఏ సముద్రం?"

ముసలాయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. "ఈ గోడ వెనకాలేనమ్మా. ఆ హోరు వినబడట్లా?"

వినబడుతోంది. ప్రతి ఏడూ వినబడుతూనే ఉంది. లిఫ్టమ్మ అది పైన మోటారు గదిలో ఫ్యాను చప్పుడనుకుంది. అనుకుని ఊరుకుందా? "ఫ్యాను గొణుగుతోంది, నూనె వెయ్యి" అని మెకానిక్కుకు వచ్చినప్పుడల్లా చెప్పింది. అతను పాపం వచ్చినప్పుడల్లా వేశాడు. సముద్రానికి నూనె వేయించిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది. అప్పుడైనా గోడ దాటి చూద్దామంటే గేటు బయట బండి హారను కొడుతోంది, రైలుకు టైమవుతోందని. ఎక్కేసింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, అటూ ఇటూ వాళ్ళు బిత్తరపోయేలా పెద్దగా నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చింది. మర్నాడు పెద్దసారు ఎదురుగా నిలబడి, ఇక రానని చెప్పేసింది.

మొగుడు సంబరపడ్డాడు. "మంచి పని చేశావు. తిరిగింది చాలు. ఇక ఇంటిపట్టున పడుండు."

"తిరగడం ఇప్పుడు మొదలుపెడతానండీ" అంది లిఫ్టమ్మ. "ముందు ఆ సముద్రం ఊరికి వెళ్తాను."

"ఎవరితో?"

"నాతో."

ఆయన వక్కలా నమిలాడు ఆ మాటని. "ఒక్కదానివా? అక్కడ ఏం పని? ఎవరున్నారు?" సముద్రం ఉంది అంటే నమ్మడే! పని లేకుండా, మనిషి కోసం కాకుండా, ఆడది ఊరికే ఒక ఊరు వెళ్తుందంటే వీళ్ళకు బుర్రకెక్కదు. సాయంత్రానికి ఆలోచించి ఆలోచించి దారి కనిపెట్టాడు. "అయితే అందరం పోదాం. మా చెల్లెలు వాళ్ళనీ పిలుద్దాం. రైళ్ళూ, గదులూ, బండ్లూ నీకు కొట్టిన పిండే కదా. నువ్వు అన్నీ చూసేసుకో, మేం వస్తాం."

పాపం, ఎంత ఉదారం! ఆడబిడ్డ ఫోనులో ఉప్పొంగిపోయింది. "వదినా, నాకు కిటికీ ఉన్న గది. పైగా మా ఆయనకి పొద్దున్నే వేణ్ణీళ్ళు లేకపోతే రోజంతా చిరాకు, ముందే చెప్పు వాళ్ళకి." లిఫ్టమ్మ కాదనలేకపోయింది. ఏళ్ళ అలవాటు అంత తేలిగ్గా ఊడదు. టిక్కెట్లు తీసింది, గదులు మాట్లాడింది, అదే హోటలు. రైల్లో నీళ్ళ సీసాలు పంచింది, దుప్పట్లు పంచింది, పై బెర్తు ఎవరికో తగువు తీర్చింది. ఉద్యోగం మానేసిన మనిషి జీతం లేకుండా అదే ఉద్యోగంలో చేరింది. దిగేసరికి చీకటి. సముద్రం చూద్దామా అంటే "రేపు, రేపు" అని అందరూ పడుకున్నారు.

తెల్లారి అందరూ కింద హాల్లో చేరి ఆమె కోసం చూస్తున్నారు. ఎటు వెళ్ళాలో, ఏం తినాలో చెప్పాల్సింది ఆమే మరి. లిఫ్టమ్మ అత్తగారి చెయ్యి పట్టుకుని నాలుగో అంతస్తులో లిఫ్టెక్కింది. మూడు దాటిందో లేదో కరెంటు పోయింది. లిఫ్టు చిన్నగా కుదుపిచ్చి ఆగింది. చిన్న దీపం ఒకటి వెలిగింది.

"పడిపోతామే!" అత్తగారు ఆమె జబ్బ గట్టిగా పట్టుకుంది.

"పడం అత్తయ్యా. ఈ తాళ్ళు నేను చూసినవే. ఒక్కటి మిగిలినా మనిద్దర్నీ మోస్తుంది." లిఫ్టమ్మ గంట నొక్కింది. "మనమేం చెయ్యక్కర్లేదు. కదలకుండా కూర్చోవడమే. వాళ్ళే వచ్చి తీస్తారు."

కింద నుంచి మొగుడి గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఏమే, బాగానే ఉన్నారా?"

"ఆ, ఉన్నామండీ."

"సరే అయితే. కారు డ్రైవరు నంబరు ఎవరి దగ్గరుంది?"

వెనకాలే ఆడబిడ్డ: "వదినా, టిఫినేం చెప్పమంటావ్?" ఇంకా వెనకాల కూతురు: "అమ్మా, నా చార్జరు ఏ సంచిలో పెట్టావ్?"

అత్తగారు పైకీ కిందకీ చూసింది. "వీళ్ళ నోళ్ళు పడ! మనం ఇక్కడ వేలాడుతుంటే టిఫినంటారేమిటే?" అంటూ తన మాటకు తానే ఫక్కున నవ్వింది. తర్వాత నెమ్మదిగా గోడకు జారగిలబడి కింద కూర్చుంది. "ఎంతసేపు పడుతుంది?"

"అరగంట పట్టొచ్చు."

"అరగంటే? తొందరేం లేదు, నిదానంగా రమ్మను."

లిఫ్టమ్మ కూడా కూర్చుంది. ఇద్దరూ కాళ్ళు చాపుకున్నారు. ఆ ఇంట్లో కోడలు అత్తగారి ముందు కాళ్ళు చాపడం అదే మొదలు. ఎవరూ మంచినీళ్ళు అడగలేదు. కింద వాళ్ళు ఎంత పిలిచినా వీళ్ళు చేతికందరు. పైన ఎక్కడో హోరు వినిపిస్తోంది. కరెంటు లేదు, కాబట్టి ఫ్యాను కానే కాదు.

"అదేం చప్పుడే?"

"సముద్రం అత్తయ్యా."

"నువ్వు చూసే ఉంటావుగా. ఇన్నిసార్లొచ్చావు."

"లేదు. ఇన్నిసార్లొచ్చీ చూడలేదు." గోతి సంగతీ, నూనె సంగతీ అన్నీ చెప్పింది. చెబుతుంటే ఈసారి ఏడుపు రాలేదు.

ముసలామె తన కాలివేళ్ళ వైపు చూసుకుంటూ అంది: "నాకు నిన్ను చూస్తే కడుపుమంటగా ఉండేది. నీ పెట్టెకి చక్రాలుండేవి. గడప దాటి గలగలా పోయేది. నా పెట్టె పెళ్ళికి ఇచ్చింది, మంచం కింద తుప్పు పట్టింది. నువ్వేదో ఏలుకుంటున్నావని అనుకున్నా." అని, కొంగు సర్దుకుంది. "అట్లాగని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటానని కాదు. కొన్ని నీకు పడాల్సినవే."

"పడనివ్వండి" అంది లిఫ్టమ్మ నవ్వుతూ.

మెకానిక్కు వచ్చి రెండో అంతస్తులో తలుపు తెరిచాడు. కిందికి వెళ్ళే మెట్లు ముందువైపు ఉన్నాయి. ఆ మెట్ల చివర హాలు, హాల్లో అందరూ. అయితే లిఫ్టున్న ప్రతి భవనానికీ వెనకవైపు ఇంకో మెట్ల దారి ఉంటుందని లిఫ్టమ్మకి తెలుసు. ఏటా ఆ దారి ఖాళీగా ఉందో లేదో చూసిందీ ఆమే. ఒక్కసారీ ఆ మెట్లు దిగి బయటికి వెళ్ళలేదు, అంతే. అత్తగారి వైపు తిరిగింది. "మీరు కిందికి వెళ్ళండి అత్తయ్యా. నేను కాసేపట్లో..."

"నేనెందుకు వెళ్తానే? నువ్వు లేకపోతే వాళ్ళు నన్నే అడుగుతారు." ముసలామె అప్పటికే వెనక మెట్ల వైపు నడుస్తోంది.

ఇనుప తలుపు, పెరడు, కుళాయి, గోడకో చిన్న గేటు. గేటు దాటితే ఇసుక. ఇసుక దాటితే అదీ! ఎంత పెద్దదో, ఎంత అల్లరిదో, ఎవరి సంతకంతోనూ పనిలేనిది. లిఫ్టమ్మ చెయ్యి అలవాటుగా టార్చి కోసం నడుము తడిమింది. లేదు. చూడాల్సిన తాడు లేదు, వినాల్సిన బ్రేకు లేదు. ఏం చెయ్యాలో తోచక కాసేపు నిలబడింది. చూడడానికి కూడా మనిషి మొదటినుంచి నేర్చుకోవాలేమో. ఒక అల వచ్చి పాదాల మీద పడింది. ఇంకొకటి వచ్చింది. మూడోదానికి ఆమె తలెత్తి చూడడం మొదలుపెట్టింది. పక్కన అత్తగారు చెప్పులు చేత పట్టుకుని, "అంత నూనె వేయించినా గొణుగుడు మానలేదే ఇది" అంటోంది.

ఫోను మోగింది.

"ఎక్కడ చచ్చారు? లిఫ్టులో లేరు! డ్రైవరుకి ఎవరు చెప్పాలి?"

"మీరే చెప్పండి."

"నంబరో?"

"హోటలు వాళ్ళనడగండి. మీకూ నోరుంది." ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టి ఉంటుంది. "ఇంకోటి వినండి. రేపు మీరంతా ఇంటికి వెళ్ళండి. కొండల మీద ఊరొకటి ఉంది, నేను ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్తాను. దాని గొయ్యి చూశాను, ఊరు చూడలేదు."

"ఆ ఊళ్ళో నీకేం పని?"

"ఏ పనీ లేదు. అందుకే."

"అమ్మేదీ? అమ్మకివ్వు" అన్నాడు. ముసలామె ఫోను అందుకుని, "కాళ్ళు తడిగా ఉన్నాయిరా, తర్వాత మాట్లాడతా" అని తిరిగి ఇచ్చేసింది. ఇచ్చి, కోడల్ని అటు చూడకుండానే అడిగింది: "ఆ కొండల ఊళ్ళో చలి ఎక్కువా?"

విన్నారుగా. ఇక లేవండి. రేపు కాదు, ఆదివారం కాదు, ఈ కథ ముగిసిన చోట లేవండి. వంటింట్లోకి నడవండి. పొయ్యి వెలిగించండి. ఉప్పు డబ్బా వెతుక్కోండి, కళ్ళు మీకూ ఉన్నాయి. పొయ్యి పక్కన లేకపోతే టీ పొడి డబ్బా వెనకాల చూడండి, అక్కడా లేకపోతే ఉప్పు లేకుండా తినండి. ఏం చేసినా చెయ్యండి గాని, ఆ ఫోను మాత్రం ముట్టుకోకండి. ఆమె సముద్రం చూస్తోంది.