భవనాశి దాటని సైకిలు

కమలవల్లి పుట్టింది అహోబిలంలో. తండ్రి చక్రపాణి స్వామివారి అర్చకుడు. కొండల్లో ఉన్న తొమ్మిది నరసింహుల పేర్లూ ఆమెకు మాటలు వచ్చిన నాటి నుంచే నోటికి వచ్చు. అయితే ఏం లాభం? ఎగువ అహోబిలం గుడి దాటి ఒక్క అడుగు పైకి వేసింది లేదు.

అర్చకుల ఇళ్లలో అదేమీ వింత కాదు. మగవాళ్లు కొండెక్కుతారు, ఆడవాళ్లు వాళ్లకు పులిహోర మూట కడతారు. చాగలమర్రి నుంచి, ఉయ్యాలవాడ నుంచి వచ్చే యాత్రికులు ఆమె చేతి వంట తిని, కొండెక్కి దిగి వచ్చి, "జ్వాలా నరసింహుణ్ణి చూసి తీరాలమ్మా, చూడకపోతే జన్మ దండగ" అని ఆమెకే చెప్పి పోయేవాళ్లు. లోపల ఒళ్లు మండేది. పైకి మాత్రం "ఇంకాస్త మజ్జిగ పొయ్యమంటారా?" అని అడిగేది.

పెళ్లయి నంద్యాలకు వచ్చాక కూడా ఆ కోరిక అలాగే ఉండిపోయింది. భర్త శ్రీనివాసులు రైల్వేలో గూడ్సు గుమాస్తా. ఉన్నట్టుండి అతనికి హుబ్లీకి బదిలీ అయింది. హుబ్లీ అంటే ఎక్కడ, అహోబిలం ఎక్కడ! మళ్లీ ఈ వైపు వచ్చేది ఎప్పుడో. కమలవల్లి వంటపాత్రలు మూట కట్టడం ఆపి, నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది.

"నేను పోయే లోపల జ్వాలా నరసింహుణ్ణి చూడల్ల. స్వాతి నాడు నాయన ఆడ స్వామికి తిరుమంజనం చేస్తాడు కదా, ఆ పొద్దు పోయి నా పేరున అర్చన చేయించుకోవల్ల. పుట్టి ఇన్నేండ్లయె, ఆ కొండ మీద నా పేరు పలికినోళ్లు లేరు."

"అంతే కదా, సైకిలు మీద పోదాం" అన్నాడు శ్రీనివాసులు.

వచ్చిన చిక్కంతా ఆ సైకిలుతోనే. ప్రపంచయుద్ధం ముగిసినా ట్యూబులు దొరకని రోజులు. ఎవరెవరి కాళ్లో పట్టుకొని సంపాదించిన బండి అది. శ్రీనివాసులు దాన్ని పొద్దున లేచి తుడిచేవాడు, రాత్రి పడుకోబోయే ముందు తుడిచేవాడు. పెళ్లాం జ్వరంతో పడుకుంటే నుదుటి మీద చెయ్యి వేసి చూసిన మనిషి కాదు గాని, సైకిలు కిర్రుమంటే మాత్రం కొబ్బరినూనె సీసాతో పరుగెత్తేవాడు. పైగా దానికి తోలు సీటు ఉండకూడదని మామగారి ఆంక్ష. తోలు మీద కూర్చొని వచ్చినవాణ్ణి చక్రపాణి గడప తొక్కనివ్వడు. అందుకని వడ్రంగి చేత చెక్క సీటు చేయించి బిగించాడు. ఆ చెక్క మీద నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా గతుకుల్లో తొక్కేసరికి అతనికి మనిషి మీద మనిషికి ఉండాల్సిన దయ కాస్తా పోయింది. దారి పొడుగునా రోడ్డును తిట్టాడు, మామను తిట్టాడు, వెనక క్యారియర్ మీద గోనెపట్టా వేసుకొని కూర్చున్న భార్యను "కదలొద్దు, కదిలితే చక్రం వంకర పోతాది" అని గదమాయించాడు.

ఆళ్లగడ్డలో ట్యూబు పంచరయింది. అంగడివాడి దగ్గర అతుకు వేసే సొల్యూషన్ లేదు. బొగ్గుతో నడిచే బస్సు ఒకటి పక్కనే పొగలు కక్కుతూ నిలబడి ఉంది. "దాంట్లో పోదామండీ" అని కమలవల్లి బతిమాలింది. శ్రీనివాసులు వినలేదు. బస్సు పైన సైకిలు వేస్తే రంగు గీసుకుపోతుందట. సొల్యూషన్ వచ్చేదాకా ఎండలో కూర్చున్నారు. బస్సు వెళ్లిపోయింది. సందె చీకట్లో దిగువ అహోబిలం చేరేసరికి ఆమెకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. సన్నిధి వీధిలోకి బండి దిగి నడిచే పోవాలి మరి. అర్చకుడి కూతురు సైకిలెక్కి ఊళ్లోకి వచ్చిందంటే నలుగురూ నవ్వరూ?

మర్నాడు దగ్గరలో ఉన్న ఛత్రవట, యోగానంద నరసింహుల గుళ్లకు పోయారు. రెండు చోట్లా అదే తంతు. శ్రీనివాసులు బయట సైకిలు పట్టుకొని నిలబడతాడు. కోతులు బెల్లు పీకేస్తాయని భయం. దంపతులు ఇద్దరూ ఉంటే తప్ప సంకల్పం చెప్పనంటాడు అక్కడి అర్చకుడు. ఈమె గడపలో నిలబడి లోపలికీ బయటికీ చూసి, ఒట్టి దండం పెట్టుకొని తిరిగి రావడం.

"రేపు జ్వాలకు ఆ బండిని ఇంట్లో పెట్టి రాండి. మీకు పుణ్యముంటాది" అంది రాత్రి అన్నం వడ్డిస్తూ.

"ఎగువ దాకా తొక్కుకుంటా పోవచ్చు. నడిస్తే మధ్యాన్నమైతాది, మీ నాయన పూజ ముగించి దిగొచ్చేస్తాడు" అన్నాడు శ్రీనివాసులు. ఆ మాటలో కొంత నిజముంది. అందుకే ఆమె నోరు మూసుకుంది. ఎంత తప్పు చేసిందో తెల్లారాక గాని తెలియలేదు.

స్వామివారి జన్మనక్షత్రమైన స్వాతి నాడు చక్రపాణి తెల్లవారకముందే పైకి వెళ్లిపోయాడు. వీళ్లు వెనక బయల్దేరారు. సగం దారిలోనే చైను తెగింది. అక్కడి నుంచి తోసుకుంటూ, తిట్టుకుంటూ ఎగువ గుడికి చేరారు. గుడిలో పెట్టి రమ్మంటే, "ఎవుడన్నా ఎత్తుకుపోతే?" అన్నాడు. గుడి దాటితే ఇక దారంటూ లేదు, భవనాశి వాగు, గుండ్లు, మళ్లీ వాగు. శ్రీనివాసులు సైకిలును భుజానికెత్తుకున్నాడు. కమలవల్లి పూలసజ్జ, టెంకాయ, మంచినీళ్ల చెంబు, అతని చెప్పులు కూడా మోసింది.

పైకి పోతున్న చెంచు మల్లమ్మ వాళ్లను కలిసింది. స్వాతి తిరుమంజనంలో స్వామి అభిషేకానికి ప్రతి నెలా ఆమే తేనె తీసుకుపోతుంది. సైకిలు కింద నలిగిపోతున్న మనిషిని ఆమె కాసేపు తేరిపార చూసింది.

"బండి మీద నువ్వు పోతాండావా సామీ, నీ మీద అది పోతాందా?"

కమలవల్లికి ఎంతో కాలానికి నవ్వొచ్చింది. శ్రీనివాసులుకు మండిపోయింది. ఆ మంటలో కాలు ఎక్కడ పెడుతున్నాడో చూసుకోలేదు. పాచి గుండు మీద జారాడు. మనిషికేమీ కాలేదు. సైకిలు మాత్రం బండల మీద దొర్లి మడుగులో పడింది. బయటికి లాగి చూస్తే ముందు చక్రం వంకర పోయి ఉంది.

అతను నీళ్లలోనే చతికిలబడి చక్రాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లేయండి, పొద్దు ఎక్కుతాంది" అంది కమలవల్లి.

"ఇది ఇట్లయిపోతే నీకు దర్శనం కావల్సొచ్చిందా?"

ఆమె అతని చెప్పులు అతని పక్కనే బండ మీద పెట్టింది.

"నేను పోతాండా" అంది.

"ఒక్కదానివే యాడికి పోతావ్?"

"ఒక్కతే ఎట్లయితాది సామీ, నేను లేనా?" అంది మల్లమ్మ. "మా చెంచులచ్చిమిని చేసుకున్నోడు మాకు బావ. బావింటికి పోయేదానికి మొగోణ్ణి తోడడగల్నా? రా వదినా." పెళ్లికొడుకైన దేవుడి తరఫు వాళ్లు గనక అర్చకుల ఆడపిల్లలను చెంచు ఆడవాళ్లు అలాగే వదినా అని ఆటపట్టిస్తారు. ఆ పూట ఆ పిలుపుతో కమలవల్లికి ప్రాణం లేచి వచ్చినట్టు అనిపించింది.

ఇద్దరూ ఎక్కారు. కాళ్లు గీసుకుపోయాయి, చీర ముళ్లకు పట్టి చిరిగింది. పైనుంచి రాలే నీటి తుంపర్ల కింద నుంచి తడుస్తూ నడిచి, చివరికి కొండచరియ కింద గుహ దగ్గరికి చేరారు. చక్రపాణి అప్పటికే తేనె కోసం ఎదురుచూసి విసిగిపోయి ఉన్నాడు. కూతుర్ని చూసి నోరు తెరిచాడు.

"ఏందమ్మా, నువ్వొచ్చినావ్? అల్లుడేడీ?"

"కింద వాగులో ఉండాడు. సైకిలు దగ్గర."

"దంపతులు లేకుండా సంకల్పం ఎట్లా..."

"నా ఒక్కదాని పేరునే చెప్పు నాయనా. నేను అందుకే వచ్చినా." ఆ గొంతు విని చక్రపాణి మల్లమ్మ చేతిలోని తేనె అందుకున్నాడు.

తిరుమంజనం అయింది. చీకటి గుహలో, దీపం వెలుగులో, హిరణ్యకశిపుణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకొని చీలుస్తున్న స్వామిని కమలవల్లి కళ్లారా చూసింది. ఇంతేనా అనిపించలేదు. ఇన్నాళ్లూ ఎందుకు చూడనివ్వలేదని మాత్రం ఏడుపొచ్చింది.

చక్రపాణి తులసి చేతిలోకి తీసుకొని సంకల్పం మొదలుపెట్టాడు. అల్లుడి గోత్రం తడుముకోకుండా చెప్పాడు. తర్వాత, వచ్చిన యాత్రికులందరినీ అడిగినట్టే అలవాటుగా, తల ఎత్తకుండా అడిగాడు.

"నక్షత్రం?"

తండ్రికే గుర్తొస్తుందని కమలవల్లి ఎదురుచూసింది. ఆళ్లగడ్డ షావుకార్ల నక్షత్రాలు, వాళ్ల మనవళ్ల నక్షత్రాలు కూడా ఆయనకు కంఠతా వచ్చు. చక్రపాణి తల ఎత్తాడు. ఎదురుగా ఉన్నది యాత్రికురాలు కాదని అప్పుడు తట్టింది. తులసి పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"మీ అమ్మకు తెలుసు" అన్నాడు చివరికి.

"అమ్మ పోయి నాలుగేండ్లాయె నాయనా."

మల్లమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. కమలవల్లికి పొద్దుటి నుంచీ మొగుడి మీద ఉన్న కోపం చాలా చిన్నదిగా తోచింది.

"రోహిణి" అంది.

"రోహిణీ నక్షత్రే... కమలవల్లీ నామధేయాయాః..." అన్నాడు చక్రపాణి. తులసి స్వామి పాదాల మీద పడింది.

"మళ్లొకసారి చెప్పు నాయనా."

"ఒకసారి చెప్తే చాలమ్మా. స్వామికి వినపడతాది."

"నాకు చాల్లేదు" అంది కమలవల్లి.

చక్రపాణి ఇంకో దళం తీసుకున్నాడు. ఈసారి పేరు ముందు, నక్షత్రం తర్వాత, కూతురి మొహం చూస్తూ చెప్పాడు.