కనెక్షన్ నంబర్లతో సహా

సినిమాలూ పాటల ఫైళ్లూ నెట్‌లో పంచుకుంటే కనెక్షన్ కట్ చేస్తామన్న కొత్త చట్టం వినగానే నెట్ సెంటర్ ఓనరుకి ఒళ్లు మండిపోయింది. వీధంతా తిరిగి, ఆ చట్టం వద్దంటూ సర్కారుకి రాసిన అర్జీ మీద నలభై సంతకాలు పెట్టించాడు. దొంగ సంతకాలంటారేమోనని ప్రతి పేరు పక్కనా కనెక్షన్ నంబరు ముత్యాల్లాంటి అక్షరాలతో తనే రాశాడు. ఆఖర్న చేద్దాంలే అనుకున్న తన సంతకం మాత్రం అర్జీ పంపే హడావిడిలో మరిచేపోయాడు.

వారం తిరక్కుండా, ఫైళ్లు పంచుకునేవాళ్ల జాబితా ఇదేనని సర్కారువాళ్లు అనుకోవడంతో, ఆ నలభై ఇళ్లకూ నెట్ పోయింది.

పక్కింటి పిన్ని వచ్చింది. "నువ్వు చెప్పావనే పెట్టాన్రా సంతకం. పిల్లదాని పాఠాలన్నీ ఆగిపోయాయి. నీకు వస్తోందా?"

అతనికి తల కొట్టేసినట్టయింది. పచ్చదీపం వెలుగుతున్న నెట్ పెట్టెకి అడ్డంగా నిలబడి, చేయి వెనక్కి పెట్టి వైరు లాగేశాడు.

"నాకూ పోయింది పిన్నీ."

"అయ్యో, అందరికోసం తిరిగినవాడివి, నీకూ తప్పలేదా!" అంటూ పిన్ని అతని భుజం నిమిరింది.