దైమోరా ఎడమకాలు

రంగనాథ్ దగ్గర దైమోరా ఉంది గానీ దానికి ఎడమకాలు లేదు.

దైమోరా అంటే మూరెడు ఎత్తుండే జపాను మరమనిషి బొమ్మ. విడదీస్తే ఐదు వాహనాలు. ఫైరింజను దాని ఒళ్ళూ తలా అవుతుంది. క్రేను కుడిచెయ్యి, పోలీసు జీపు ఎడమచెయ్యి, బుల్డోజరు కుడికాలు. ఎడమకాలు కావలసింది టిప్పర్ లారీ. మిగతా నాలుగూ సంపాదించడానికి రంగనాథ్‌కు ఏడాది పట్టింది. ఐదోదాని కోసం తిరగడం మొదలుపెట్టి మూడేళ్ళయింది.

అతనికి ఈ పిచ్చి పదకొండో ఏట పట్టుకుంది. తెనాలిలో వాళ్ళింట్లో ఒక పండగనాడు పౌరాణికం చూద్దామని వీడియో క్యాసెట్టు అద్దెకు తెచ్చారు. షాపువాడు పొరపాటున ఇంకేదో ఇచ్చాడు. అందులో ఐదు బండ్లు గాల్లోకి లేచి, ముడుచుకుని, విప్పుకుని, ఒకదానికొకటి అతుక్కుని మనిషిగా నిలబడ్డాయి. అంతా జపాను భాష. నారదుడు వస్తాడేమోనని నాయనమ్మ పది నిమిషాలు ఓపిగ్గా చూసి లేచిపోయింది. రంగనాథ్ లేవలేదు. ఒక రకంగా ఇప్పటికీ లేవలేదు.

ఇప్పుడు 1999. రంగనాథ్ హైటెక్ సిటీలో కొత్తగా కట్టిన గుండ్రటి భవనంలో ప్రోగ్రామరు. రెండు వేల సంవత్సరం వచ్చేలోగా లోకంలోని కంప్యూటర్లలో రెండంకెల ఏడాదిని నాలుగంకెలు చెయ్యడం అతని ఉద్యోగం. మూసాపేటలో ఒక మేడమీది గదిలో కిరాయికుండేవాడు. ఆ గదిలో బీరువామీద దైమోరా నిలబడి ఉండేది. ఎడమ తుంటి కింద రెండు లావుపాటి కోబాల్ ప్రోగ్రామింగు పుస్తకాలు పేర్చి, అది పడిపోకుండా చూసుకున్నాడు.

ఇంటి ఓనరు లక్ష్మమ్మ కిరాయి కోసం వచ్చినప్పుడల్లా దాన్ని జాలిగా చూసేది.

"ఏంది సారూ, గాయనకు కాలు ఇంకా దొర్కలేదా?"

"వెతుకుతున్నానండీ."

"కట్టెతోని చేపిస్త తీయ్. మా తమ్ముడు వడ్లపని చేస్తడు."

రంగనాథ్ మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు. అసలుకూ నకలుకూ తేడా తెలియని మనుషులతో ఈ విషయం మాట్లాడటం అతను మానేసి చాలాకాలమైంది. తన నాలుగూ సికింద్రాబాద్‌లో అద్దాల బీరువాలున్న ఫారిన్ సరుకు దుకాణంలో కొన్నాడు. ఒక్కోదానికి సగం నెల జీతం పోసాడు. వాటితో వచ్చిన కాగితం పూర్తిగా జపాను భాషలో ఉండటం అతనికి పెద్ద నమ్మకం. ఆ కాగితంలో ఒక్క ముక్కా అర్థంకాక, క్రేనును చెయ్యిగా మార్చడం తెలుసుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజుల్లో రెండు గోళ్ళు విరిగాయి. క్రేను కొక్కెం ఒకటి మంచం కిందకి పోయి మళ్ళీ కనిపించలేదు. జీపు తలుపుమీది స్టిక్కరు పైకి లేస్తుంటే అగ్గిపుల్లతో జిగురు పెట్టి రోజూ అదుముతూ వచ్చాడు.

జూన్ నెలలో ప్రవీణ అనే అమ్మాయి వాళ్ళ టీములో చేరింది. టెస్టింగు పని. మూడోరోజు ఏదో అడగడానికి ఆమె సీటు దగ్గరికి వెళ్ళిన రంగనాథ్ అడగవలసింది మరిచిపోయాడు. ఆమె కంప్యూటరు మీద ఒక పసుపుపచ్చ టిప్పర్ ఉంది. తొట్టి నిండా గుండుసూదులూ క్లిప్పులూ ఉన్నాయి.

"ఇది... ఇది మీకెక్కడిదండీ?"

"మా నాన్న జపాను నుంచి తెచ్చారు. నా చిన్నప్పుడు."

"ఇది కాలండీ."

"ఏది?"

"ఈ లారీ. ఎడమకాలు."

ప్రవీణ లారీని చూసింది. తర్వాత అతన్ని చూసింది. "టిప్పరండీ అది. వెనక తొట్టి లేస్తుంది కూడా."

రంగనాథ్ అనుమతి అడగలేదు. లారీని చేతిలోకి తీసుకుని ముందు భాగం కిందికి మడిచాడు, తొట్టిని వెనక్కి తిప్పాడు, అడుగున ఏదో లాగాడు. గుండుసూదులు కీబోర్డంతా చెదిరిపోయాయి. బల్లమీద ఒక పాదమూ, మోకాలూ, తొడా నిలబడి ఉన్నాయి. తొడమీద ఒక గుండ్రటి ములుకు పైకి పొడుచుకొచ్చింది.

పదమూడేళ్ళుగా లారీ అనుకున్న వస్తువు ఎవరిదో కాలని తెలియడం ప్రవీణకు ఏమాత్రం నచ్చలేదు.

"ముందు దాన్ని లారీ చెయ్యండి," అంది.

చేశాడు. చేసి, సేకరించేవాళ్ళందరూ చేసే పనే తనూ చేశాడు. దొరికిన వస్తువు విలువ తగ్గించబోయాడు.

"దీని పసుపు కొంచెం వెలిసినట్టుందండీ. నకలు కావచ్చు. అసలువి చూసి చూసి ఉన్నాను కాబట్టి నాకు తెలిసిపోతుంది. అయినా ఫరవాలేదు, తీసుకుంటాను."

"నకలైతే మీకెందుకండీ?" అంది ప్రవీణ, గుండుసూదులు ఏరుకుంటూ.

ఆ తర్వాత మూడు నెలలపాటు రంగనాథ్ ఆమె పనిలో సగం చేశాడు. శనివారాలు వచ్చి ఆమె టెస్టు కేసులు నడిపాడు. క్యాంటీన్లో ఆమెకోసం క్యూలో నిలబడ్డాడు. ఆఫీసులో నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. అతని చూపు ఎప్పుడూ ఆమె భుజం మీదుగా వెనకనున్న లారీమీద ఉండేదని గమనించింది ప్రవీణ ఒక్కతే. సాయమంతా తీసుకుంది. లారీ ఇవ్వలేదు. సెప్టెంబరులో మాత్రం కొంచెం కరిగింది.

"ఇవ్వడమైతే ఇవ్వను. ఒక్కసారి పెట్టి చూసుకోండి. ఆదివారం మీ నాలుగూ పట్టుకుని మా ఇంటికి రండి."

వాళ్ళిల్లు నల్లగండ్లలో ఉంది. చుట్టూ ఇంకా రాళ్ళూ తుప్పలే. ప్రవీణ తండ్రి రామబ్రహ్మం ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి ఆ ఏడే రిటైరయ్యాడు. రంగనాథ్ తువ్వాలులో చుట్టి తెచ్చిన నాలుగు వాహనాలనూ టీపాయిమీద పరవగానే ఆయన మొహం విప్పారింది.

"ఆఁ, ఇవే! నగోయాలో ఇవే. ఎనభయ్యారులో ట్రైనింగుకి పంపారు బాబూ నన్ను, రెండు నెలలు. స్టేషను పక్క షాపులో ఐదూ వరసగా పెట్టారు. కలిపింది ఒకటి మధ్యలో నిలబెట్టారు కూడాను."



"అంటే ఐదున్నాయని నీకు అప్పుడే తెలుసా నాన్నా?" అంది ప్రవీణ.

"తెలుసమ్మా. ఐదు కొనే స్తోమత ఎక్కడిది? ఒకటి కొన్నాను."

"నాలుగూ అక్కడే వదిలేసి వచ్చావా?"

"నీకు తెలియదు కదే! ఒకటే ఉందనుకున్నావు కాబట్టి పదమూడేళ్ళు హాయిగా ఆడుకున్నావు. ఐదని చెప్పి ఉంటే ఆ మొదటిరోజే నాలుగు తక్కువయ్యేవి."

రంగనాథ్ తలవంచుకుని బుల్డోజరును సర్దాడు. ఆ మాట తనకు ఎంతగా తగిలిందో ఆయనకు తెలిసే అవకాశం లేదు.

వంటింటి గుమ్మంలోంచి ప్రవీణ తల్లి వీరలక్ష్మి అడిగింది. "ఏమండీ, అప్పుడు నాకో టీకప్పు తెచ్చారు కదా. అదికూడా సెట్టులోదేనా?"

రామబ్రహ్మం ఆ ప్రశ్న వినపడనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ప్రవీణ లారీని తెచ్చి టీపాయిమీద పెట్టింది. కానీ ఆమె చూపు మారింది. అంతవరకూ ఆమె దగ్గర ఒక లారీ ఉంది. ఇప్పుడు నాలుగు బండ్లు లేవు. "అసలు ఆ నాలుగూ నాకు రావలసినవి," అంది రంగనాథ్ వైపు తిరిగి. అతను ఫైరింజనును ఒళ్ళుగా మార్చడం మొదలుపెట్టాడు.

చేతులు కలిశాయి. కుడికాలు కలిసింది. ఎడమకాలు మిగిలింది. దాని ములుకును ఫైరింజను ఎడమ తుంటి కిందున్న రంధ్రానికి ఆనించి నొక్కాడు. దూరలేదు. తిప్పి నొక్కాడు. దూరలేదు.

రామబ్రహ్మం లోపలికి వెళ్ళి వెర్నియర్ కాలిపర్స్ పట్టుకొచ్చాడు. రిటైరయ్యాక మొదటిసారి కొలవడానికి ఏదో దొరికిన సంతోషం ఆయనలో కొట్టొచ్చినట్టు కనిపించింది. ములుకు కొలిచాడు, రంధ్రం కొలిచాడు, నాలుగు బండ్లూ తిరగేసి అడుగులు చూశాడు. లారీ అడుగున కంపెనీ ముద్ర లోతుగా ఉంది. మిగతావాటి అడుగున ఏమీ లేదు.

"ఎనిమిది మిల్లీమీటర్లు, ఏడున్నర మిల్లీమీటర్లు. మీవి నకళ్ళు బాబూ," అన్నాడు శుభవార్త చెబుతున్నంత హుషారుగా. "అసలు బొమ్మనుంచి అచ్చు తీసి పోస్తే ప్లాస్టిక్ ఆరేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. అందుకే ఈ అరమిల్లీ తేడా. చాలా చక్కగా చేశాడు సుమండీ."

రంగనాథ్ బుల్డోజరు అడుగు తనూ ఒకసారి చూశాడు. ప్రవీణ ఏదైనా అంటుందేమోనని ఎదురుచూశాడు. జూన్ నెలలో తను అన్నమాట ఆమె మరిచిపోయి ఉండదు. ఆమె ఏమీ అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది.

"ఆ ములుకుని కొద్దిగా అరగదీస్తే..." అన్నాడు చాలా చిన్న గొంతుతో.

"మీ నకలుకోసం నా అసలుని అరగదీయాలా?" అంది ప్రవీణ.

దారి రామబ్రహ్మమే చెప్పాడు. ప్లాస్టిక్కును వేడినీళ్ళలో వేస్తే మెత్తబడి సాగుతుంది. వీరలక్ష్మి గిన్నెలో నీళ్ళు కాచి ఇచ్చింది. ఫైరింజను ఐదు నిమిషాలు మునిగింది. తీసి, గుడ్డతో పట్టుకుని, తండ్రీకూతుళ్ళు చెరోవైపూ అదిమి ఉంచగా రంగనాథ్ నొక్కాడు. టక్కుమని దూరింది.

దైమోరా నిలబడింది. ఎడమకాలు అరపిసరు పొడుగవడంతో కొంచెం కుడివైపు ఒరిగింది గానీ, రెండు కాళ్ళమీద, పుస్తకాల సాయం లేకుండా, ఎవరూ పట్టుకోకుండా నిలబడింది. "బాగానే ఉంది," అంది వీరలక్ష్మి. పదిహేనేళ్ళ కిందట రంగనాథ్ క్యాసెట్టులో చూసిన బొమ్మ ఎదురుగా ఉంది, అదీ సగానికి పైగా దొంగసరుకుతో.

కాఫీలు తాగాక ప్రవీణ, "ఇక నా లారీ తీసి ఇచ్చేయండి," అంది.

రాలేదు.

చల్లారిన ప్లాస్టిక్ ములుకును గట్టిగా పట్టేసింది. మళ్ళీ వేడినీళ్ళలో ముంచారు. రెండూ కలిసి మెత్తబడ్డాయి, రెండూ కలిసి గట్టిపడ్డాయి. రామబ్రహ్మం కొబ్బరినూనె వేశాడు. ప్రవీణ ఒకవైపు, రంగనాథ్ ఒకవైపు పట్టుకుని లాగితే దైమోరా లోపల ఎక్కడో చిన్న చప్పుడైంది. ఇద్దరూ ఒకేసారి వదిలేశారు. ఇక అది ఏ రూపంలోకీ మారదు. రూపాలు మార్చుకోవడమే దాని గొప్ప. ఇప్పుడది రాతివిగ్రహంతో సమానం.

"ఉండనీండి. మొత్తం మరమనిషినే ఆఫీసులో పెట్టుకుంటాను," అంది ప్రవీణ. కానీ ఆమె వేలు లారీ తొట్టిమీద ఆగిపోయి ఉంది.

రంగనాథ్ ఆ వేలిని చూశాడు. కాసేపు తనతో తాను వాదించుకున్నాడు. తర్వాత రామబ్రహ్మాన్ని అడిగాడు.

"అంకుల్, మీ దగ్గర హాక్‌సా ఉందాండీ?"

పెరట్లో వైసుకు ఫైరింజనును బిగించారు. కోసే పని రామబ్రహ్మం చేస్తానన్నాడు. వద్దండీ, నేనే, అన్నాడు రంగనాథ్. సగం నెల జీతం రెండు నిమిషాల్లో ఎర్రటి పొడిగా నేలమీద రాలింది. ఒళ్ళు నిలువునా రెండు ముక్కలైంది. లారీ గీత పడకుండా బయటికొచ్చింది. అతను దాన్ని చొక్కా అంచుతో తుడిచి ప్రవీణ చేతిలో పెట్టాడు.

"థాంక్సండీ," అంది ఆమె. ఆ సాయంత్రం బస్టాపు దాకా నడిచొచ్చింది కూడా.

ఇప్పుడు అతని దగ్గర రెండు చేతులూ, ఒక కాలూ మిగిలాయి. మూడూ నకళ్ళు. వాటికి అసలు ఒళ్ళు తెచ్చినా అతకదు. నకలు ఒళ్ళే కావాలి. ఇన్నాళ్ళూ నకలు చేతికి అంటకుండా తిరిగినవాడు, నకలు ఎక్కడ దొరుకుతుందో తెలియక ఇబ్బందిపడ్డాడు. అద్దాల బీరువాల దుకాణంలో ఆ మాటెత్తితే బయటికి నడవమన్నారు. చివరికి మరో ఆదివారం బేగంబజార్ వెళ్ళాడు. తోడు వస్తానని ప్రవీణే అంది. తన లారీకోసమే ఇదంతా జరిగిందన్న మొహమాటం ఆమెకు ఇంకా పోలేదు.

యాదయ్య అనే హోల్‌సేల్ బొమ్మల వ్యాపారి దుకాణం గల్లీ చివర ఉంది. రంగనాథ్ జేబులోంచి బుల్డోజరు తీసి చూపించాడు.

"దీని జతది ఫైరింజను ఉంటుందండీ. అసలుది వద్దు. డూప్లికేటుదే కావాలి."

యాదయ్య మొహం గంటుపెట్టుకున్నాడు. "ఏంది సారూ, బోణీ గూడ గాలే, గిట్ల మాట్లాడుతరు? మా దుకాన్ల డూప్లికేటన్న ముచ్చటే లేదు. అంత అసలు మాలే."

"అది కాదండీ, నాకు..."

ప్రవీణ అతని మోచేతిని పొడిచింది. "అసలుదే చూపించండి," అంది.

యాదయ్య చల్లబడి అటకమీదకి కేకేశాడు. ఒక ప్లాస్టిక్ సంచి దబ్బున కిందపడింది. అందులో ఐదు వాహనాలూ ఉన్నాయి. ఫైరింజను, క్రేను, జీపు, బుల్డోజరు, పసుపుపచ్చ టిప్పర్. మూడేళ్ళుగా అతను హైదరాబాదంతా వెతికిన ఎడమకాలు ఇక్కడ గోనెసంచులమీద దుమ్ముకొట్టుకుని ఉంది. అతను ఎన్నడూ ఈ గల్లీలోకి రాలేదు, నకలు సరుకు అమ్ముతారని.

"ఇది... ఎప్పట్నుంచి వస్తోందండీ?"

"నాలుగేండ్ల సంది. పోతలేదు. ఈ జపాను ముచ్చట్లు మనోళ్ళకు ఎక్కయి. ఏంది, అసలుదేనా కాదా? జర నువ్వే చెప్పు."

రంగనాథ్ సంచిలోంచి టిప్పర్ తీశాడు. కాలుగా మడిచి, ఫైరింజనులోకి నొక్కాడు. ఏ ఇబ్బందీ లేకుండా దూరింది. తేలిగ్గా ఊడివచ్చింది. ప్రవీణ అతని మొహంలోకి చూస్తోంది. సంతోషం కనిపిస్తుందేమోనని ఆమె ఎదురుచూస్తోందని అతనికి తెలుసు. తనూ దానికోసమే చూసుకుంటున్నాడు.

"అసలుదేనండీ," అన్నాడు. "ఒకటివ్వండి."

"ఒకటెట్లిస్త సారూ? హోల్‌సేలు. డజను తీస్కోవాలె."

రంగనాథ్ ప్రవీణ వైపు చూశాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి పక్క దుకాణంలోని బుడగల వైపు తిరిగింది. కాసేపటికి, పన్నెండు ఎడమకాళ్ళున్న మూటను చెరో కొసా పట్టుకుని, ఇద్దరూ జనాన్ని తప్పించుకుంటూ మూసాపేట బస్సుకోసం నడిచారు.