కోతకే చెల్లే కార్డు

లీలమ్మ చీర కుచ్చిళ్లు కిందికి జరిపి పొత్తికడుపు మీది కుట్ల మచ్చ చూపించింది. తర్వాత వరమ్మ, ఆ తర్వాత బేబీ. హైదరాబాద్ జహనుమాలో ఆ ఒక్క గల్లీలోనే పద్నాలుగు మంది, అందరూ నలభై లోపువాళ్లే. సర్కారు ఆరోగ్య కార్డు మీద అందరికీ గర్భసంచి తీసేశారు. పూల కార్మికుల సంఘం మనిషినై నెలనెలా ఆ గల్లీకి వెళ్తూ కూడా నేను కనుక్కోలేదు. తల కొట్టేసినట్టయింది.

"రేపు సుజనకు జేస్తరంట. ఇరవై నాలుగేండ్ల పోరి. ఇంకా పిల్లలే లేరు," అంది లీలమ్మ.

వీళ్లంతా గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో దండలు కడతారు. దేవుడి పూలు ముట్టయిన ఆడది తాకకూడదని వీళ్లకు కూలిచ్చే విశ్వేశ్వర్ సేఠ్ రూలు. సుజనకు నెలలో సగం రోజులు నెత్తురు ఆగదు. ఆ సగం రోజులూ కూలి లేదు.

"తీపిచ్చుకో, ఫికరుండదని మేమే జెప్పినం. మా నోట్లె మన్ను వడ!" బేబీ ఏడ్చింది. "మా నడుములు వొయినయి. ఇప్పుడు కూసోని దండ గూడ కట్టలేకపోతున్నం."

మర్నాడు పొద్దున్నే ఆ ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లి ఆపరేషన్ గది ముందు బైఠాయించాం. డాక్టర్ ప్రేమ్‌రాజ్ వచ్చాడు.

"మందులతోని తక్కువ కాదా సార్?" అడిగాను.

"ఆరు నెలలు వాడితే తగ్గొచ్చు. మందులకు కార్డు చెల్లదు, ఆపరేషన్‌కే ప్యాకేజీ. నాకు జీతం లేదమ్మా, కేసుకింత. కొయ్యకపోతే నాకేం రాదు."

"మాకు మూరకింత, నీకు కడుపుకింతనా?" వరమ్మ లేచింది. "బయటికి రా! గిదే మాట అందరి ముందల జెప్పు!"

డాక్టర్ ఒక అడుగు వేశాడు. ఆస్పత్రి మేనేజర్ అతనివైపు చూశాడు. ఆ అడుగు వెనక్కి పడింది.

పోలీసులు మమ్మల్ని వ్యానెక్కించి సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. మళ్లీ ఆస్పత్రికి పరుగెత్తేసరికి సుజనను స్ట్రెచర్ మీద బయటికి తెస్తున్నారు. ఆమె భర్త బబ్లూ కాగితం మీద సంతకం పెట్టేశాడు.

"ఆపరేషన్ జేపియ్యకుంటే సేఠ్ సుజనను పనిలకెల్లి తీసేస్తనన్నడక్కా. ఏం జెయ్యాలె?" అన్నాడు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. మేం ఓడిపోయాం.

గోడవారన బెంచీల మీద ఎనిమిది మంది ఆడవాళ్లున్నారు. రేపటి కేసులు, చేర్చుకునే పిలుపు కోసం కూర్చున్నారు. లీలమ్మ వెళ్లి ఆపరేషన్ గది గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మేమంతా ఆమె పక్కన కూర్చున్నాం. మేనేజర్ మళ్లీ స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

బెంచీ మీంచి ఒకామె లేచింది. అమల అట, పేరు. వచ్చి లీలమ్మ పక్కన కూలబడింది. మిగతా ఏడుగురూ తమ పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తున్నారు.