జంతు నష్టం: లేదు

అడవి గేటు మూసేసి మూడు నెలలైనా వాచరమ్మ పొద్దున ఐదింటికే లేచేది. టీ పెట్టి అత్తగారికో గ్లాసు ఇచ్చి, తనో గ్లాసు పట్టుకుని, వసారాలో పడుకున్న జంతువుల మధ్య కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ వెళ్ళి మెట్టు మీద కూర్చునేది.

అడవిలో ఉచ్చుకి చచ్చిన జంతువులు ఆమె ఇంటికి వచ్చేవి. ఆమె వాచరు ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచీ అంతే. మెడలో తీగతో నడిచొచ్చి గుమ్మం ముందు నిలబడేవి. తీగ విప్పితే నాలుగు రోజులు పడుకుని ఎటో వెళ్ళిపోయేవి. ఏడాదికి ఒకటో రెండో. ఎదురింటివాళ్ళు "ఈసారేం వచ్చింది?" అని అడిగి తమ పని చూసుకునేవాళ్ళు.

లాక్‌డౌన్‌లో లెక్క తప్పింది. సందర్శకులు లేరు కాబట్టి టికెట్ల రాబడి లేదని, రాబడి లేదు కాబట్టి వాచర్లు అక్కర్లేదని ఆఫీసు ఒక్క మెసేజీతో పదకొండు మందినీ ఇంట్లో కూర్చోమంది. వారం తిరక్కుండా కుందేళ్ళొచ్చాయి. తర్వాత అడవిపందులు, దుప్పులు. వచ్చినవి వెళ్ళడం కూడా మానేశాయి. "స్నానానికి పోదామంటే ముళ్ళపంది అడ్డం లేవదే," అని అత్తగారు విసుక్కునేది.

టీవీలో మాత్రం రోజూ ఒకటే పాట. మనుషులు ఇళ్ళలో ఉండేసరికి ప్రకృతి హాయిగా ఊపిరి పీల్చుకుంటోందట. వాచరమ్మ ప్లగ్గు పీకి పారేసింది. ఆఫీసుకి ఫోన్ చేసి, కనీసం ఇద్దరినైనా అడవిలోకి పంపమంది. "పైనుంచి ఆర్డరు రావాలమ్మా," అన్నారు.

ఒక మధ్యాహ్నం కడుపుతో ఉన్న దుప్పి వచ్చింది. వాచరమ్మ తీగ విప్పబోతే ఆమెని దాటుకుని వెళ్ళి, గోడవారగా అన్నం తింటున్న మరిది ముందు మెడ వంచింది. మరిది సందర్శకుల్ని అడవిలోకి తిప్పే జీపు డ్రైవరు. జీపు ఆగిపోయినప్పటినుంచీ ఇంట్లోనే ఉంటున్నాడు.

ఆ తీగల్ని ఎక్కడో చూశానని వాచరమ్మకి ఇన్నాళ్ళూ అనిపించేది. ఎక్కడో ఇప్పుడు తెలిసింది. జీపుల పాత క్లచ్ వైర్లు. మరిది చుట్టలు చుట్టి షెడ్డులో దాచుకునేవి.

"నువ్వా?"

మరిది ఎంగిలి చెయ్యి లాగుకి తుడుచుకుని వైరు విప్పాడు. "బండి ఆగిపోయింది వదినా. పిల్లలకి ఏం పెట్టమంటావు?"

"నాకూ జీతం ఆపారు. నేను ఉచ్చులు పెట్టానా?"

"ఒక్క కుందేలే అనుకున్నా. తర్వాత ఒకడు మాంసం ఎంతున్నా కొంటానన్నాడు."

"నేను ఒక్కోదాని మెడలో తీగ విప్పుతుంటే, పక్కనే కూర్చుని చూశావు కదరా."

ఆమె చెయ్యి లేచింది. కొట్టడం మొదలుపెడితే ఆపలేనని తెలిసి ఆగింది.

గేటు తెరిచే ముందు వారం రేంజి ఆఫీసరు కాగితం పట్టుకుని వచ్చాడు. సోఫా సగంలో పంది పడుకునుంటే మిగిలిన సగంలో ఒదిగి కూర్చున్నాడు. కాగితంలో 'జంతు నష్టం: లేదు' అని టైపు చేసి ఉంది.

"మన అడవికి అవార్డు వచ్చేలా ఉందమ్మా. అందరికన్నా పాత వాచరువి, నువ్వు సంతకం పెట్టు. ఒకటో తారీఖు నుంచి డ్యూటీకి రా."

"మరి వీటి సంగతి?"

ఆఫీసరు పందికి తగలకుండా మోకాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. "ఇవి నీ ఇంట్లో ఉన్నాయి కదా. మనం రాసేది అడవి సంగతి."

వాచరమ్మ 'లేదు' అన్న మాట కాగితం చిరిగేలా కొట్టేసింది. దాని పైన 'నలభై మూడు' అని రాసి సంతకం పెట్టింది.

"అయితే ఎవరు చంపారో కూడా రాయాలి," అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా.

"నేనే," అన్నాడు మరిది గుమ్మంలోంచి.

"రాసుకోండి. దాని కిందే మమ్మల్ని ఇంటికి పంపిందెవరో కూడా రాయండి," అంది వాచరమ్మ.

కేసు పెడితే అవార్డు పోతుంది. ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వేరే వాచరు సంతకం పెట్టాడు. అవార్డు వచ్చింది, పేపర్లో ఫోటో పడింది. మరిదికి శిక్ష పడలేదు. వాచరమ్మకి మాత్రం ఉద్యోగం పోయింది.

జీపు యజమాని మరిదిని మళ్ళీ పనికి పిలిచిన రోజు, కడుపుతో ఉన్న దుప్పి బండికి అడ్డంగా నిలబడింది. హారన్ కొట్టినా కదల్లేదు. మరిది దిగాక చొక్కా అంచు నోట కరుచుకుని అడవివైపు లాక్కెళ్ళింది. అది ఆగిన ప్రతిచోటా ఓ ఉచ్చు ఉంది. కొన్ని అతను పెట్టినవి, చాలా వరకు వేరేవాళ్ళవి. అన్నీ పీకించింది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. అతనిక స్టీరింగు ముట్టుకోలేదు. పదడుగుల వెనక వాచరమ్మ నడిచేది, ఒక్క మాటా మాట్లాడకుండా.

నెల తర్వాత ఒక ఉచ్చులో నక్క ప్రాణాలతో దొరికింది. వైరు విప్పుతుంటే మరిది అరచెయ్యి కొరికి పొదల్లోకి పారిపోయింది. అతను రక్తం కారుతున్న చేత్తో దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"పద, ఆసుపత్రిలో సూది వేయించుకో," అంది వాచరమ్మ. "తెల్లారేసరికి వచ్చెయ్. వాగు అవతల ఇంకా చూడలేదు."

ఆ మాట కోపం తగ్గి అన్నది కాదు. కానీ ఆ నక్క ఆమె ఇంటికి రాలేదు.