పదకొండు మైళ్ల ఖాళీ

"అరచెంచా ఏదీ? పాన్‌కేకులు చల్లారిపోతున్నాయి," అంది వెర్నా, పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే.

"వెళ్లిపోయిందిగా," అన్నాడు నత్త, బుగ్గ నిండా కుక్కుకుని.

"ఏమీ తినకుండానా? బాగానే ఉంది. ఉత్తరం గుట్ట ఎక్కేసరికి కడుపు కాలి తనని తానే తిట్టుకుంటుంది."

"ఉత్తరానికి కాదండీ. దక్షిణానికి వెళ్లింది."

వెర్నా చేతిలో అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది. పెనం మీద పాన్‌కేకు మాడుతున్న వాసన వచ్చినా ఆమె కదల్లేదు. అమెరికా పొడుగునా సాగే నడకబాట పక్కనున్న హేజెల్ బెండ్ అనే ఆ చిన్న ఊళ్లో ఆగస్టు నెలలో ఏ నడకవాడూ దక్షిణానికి పోడు. మెక్సికో సరిహద్దు దగ్గర వసంతంలో మొదలుపెట్టిన వాళ్లంతా మంచు పడేలోపు కెనడా చేరాలని ఉత్తరానికే ఉరుకుతుంటారు. పైగా ఇప్పుడు దక్షిణాన ఉన్నది దారి కాదు, మంట.

"ఎందుకు?" అంది.

"ఎందుకేంటండీ? ఆ పదకొండు మైళ్లకీ," అన్నాడు నత్త, సిరప్ సీసా కోసం చెయ్యి చాపుతూ. బల్ల చుట్టూ కూర్చున్న మిగతా ముగ్గురూ అందులో వింతేముందన్నట్టు తింటూనే ఉన్నారు.

ఈ మనుషుల తీరే అంత. ఈ నడకబాట ఎక్కగానే అమ్మానాన్నలు పెట్టిన పేరు వదిలేసి, తోటివాళ్లు తగిలించిన పేరుతో బతుకుతారు. అందరికన్నా వేగంగా నడుస్తాడు కాబట్టి వీడు నత్త. మొదటి వారంలోనే విరిగిన చెంచాతో పదిహేను వందల మైళ్లూ తిన్నది కాబట్టి ఆమె అరచెంచా. ఇక వీళ్లలో ఒక తెగ ఉంది, దానికి ఉన్న పట్టింపు మడి కట్టుకున్న వాళ్లకు కూడా ఉండదు. మెక్సికో నుంచి కెనడా దాకా అడుగులో అడుగు కలవాలి, మధ్యలో ఒక్క గజం కూడా తెగకూడదు. సరుకుల కోసం ఎవరి బండైనా ఎక్కి ఊళ్లోకి వస్తారు, కానీ ఎక్కిన చోటికే మళ్లీ వెళ్లి, ఎక్కిన రాయి పక్కనే దిగి, అక్కడి నుంచి నడక సాగిస్తారు. అరచెంచా ఆ తెగలో మనిషి.

ఆ తెగకు వెర్నా వంటింటి బల్ల పుణ్యక్షేత్రం. అడవిలో విసిరేసినట్టున్న ఇళ్లకు ఇరవై ఎనిమిదేళ్లు బండిమీద ఉత్తరాలు పంచిన మనిషి ఆమె. ఏ వేసవిలో ఎక్కడ అడవి అంటుకుని బాట మూసేసినా, సాయంత్రం ఆరింటికి అధికారులు పెట్టే కొత్త హద్దుల పటం చూసుకుంటుంది. ఆపైన దారి పొడుగునా ఉన్న ఇళ్లకు ఫోన్లు చేసి పొగ ఎటు పోతోందో, పశువుల తొట్టిలో నీళ్లున్నాయో లేవో, ఎవరి కుక్క గొలుసు తెంపుకుందో కనుక్కుంటుంది. అప్పుడు కాగితం మీద చుట్టుదారి గీస్తుంది. నలభై మూడు మైళ్ల బాట మూసేస్తే యాభై ఎనిమిది మైళ్లు తిప్పుతుంది గానీ ఒక్క అడుగు తెగనివ్వదు. ఆ మాట నలుగురూ అంటుంటే ఆమె ముఖం వెలిగిపోయేది.

ఈసారి ఆమె గీసిన చుట్టుదారి నది పక్క రోడ్డు. నిన్న మధ్యాహ్నం టామరాక్ వాగు దగ్గర అంటుకున్న మంట గట్టు దాటి ఆ రోడ్డు మీదికే దిగింది. షెరీఫ్ ఆఫీసులో పోలీసుగా పనిచేసే ఆమె తమ్ముడు ఓరిన్, ఊరికి పదకొండు మైళ్ల దూరంలో ఇనుప వంతెన దగ్గర ఈ అయిదుగుర్నీ ట్రక్కులో పడేసి తెచ్చాడు. నలుగురు దండం పెట్టి ఎక్కారట. అరచెంచా మాత్రం ట్రక్కులో దారంతా ఏడ్చిందట.

రాత్రి భోజనాల దగ్గర వెర్నాయే అంది, నవ్వుతూ అంది. "పదిహేను వందల మైళ్లకి పదకొండు మైళ్ల చిల్లు! పోనీలేవే, కెనడా గేటు దగ్గర ఎవరూ టార్చి వేసి చూడరులే." అందరూ పగలబడి నవ్వారు. అరచెంచా నవ్వలేదు. గిన్నెలు కడిగాక మెల్లగా వచ్చి అడిగింది, "నది రోడ్డు కాకుండా ఆ వంతెనకి ఇంకో దారి ఉందా?" అని.

అది తలుచుకునేసరికి వెర్నా కుర్చీలో కూలబడింది. దారి గురించి ఎవరైనా అడిగితే ఆమెకు ఒళ్లు తెలియదు. ఎందుకడుగుతున్నావే అని ఒక్క ముక్క అనలేదు. బీరువా పైనుంచి పాత పటం దింపి, దుమ్ము దులిపి, దుంగల లారీలు తిరిగిన తూర్పు కొండ బాటను వేలితో చూపించింది. తొమ్మిది మైళ్లు. "ఇది ఈ ఊళ్లో నాకు తప్ప ఎవడికీ గుర్తులేదు," అని గొప్పలు పోయింది. మధ్యలో నీటి ఊట ఎక్కడుందో కూడా పెన్సిలుతో గుర్తు పెట్టి ఇచ్చింది. తన చేత్తోనే ఇచ్చింది.

"ఎన్నింటికి వెళ్లింది?"

"నాలుగింటికి. లేచి చూశాను, బూట్లు కట్టుకుంటోంది," అన్నాడు నత్త. "జాగ్రత్తన్నాను కూడా."

"జాగ్రత్తన్నావా! చాలా గొప్ప పని చేశావు!" వెర్నా అరుపుకు బల్ల దగ్గర నలుగురూ అదిరిపడ్డారు. "అక్కడ అడవి తగలడిపోతోందిరా! బుర్రలన్నీ ఎడారిలోనే పారేసుకుని వచ్చారా మీరు?"

నత్త ముఖం అప్పుడు పాలిపోయింది. అప్పటిదాకా అది మంటని వాడికి తోచలేదు, ఖాళీ అనే తోచింది.

ఓరిన్ పది నిమిషాల్లో వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, చిన్నప్పుడు గుర్రం మీంచి పడ్డ కుడి భుజం పైకి లేవదు. టోపీ కూడా తియ్యకుండా బల్ల మీది పటం మీద వాలాడు.

"అసలు పేరేంటి ఆ పిల్లది?"

ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. తొమ్మిది వందల మైళ్లు కలిసి నడిచి, ఒకే గుడారంలో వానకు తడిసిన నత్తకు కూడా తెలియదు. ఓరిన్ అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు.

"చచ్చిపోతే రాయి మీద చెంచా బొమ్మ చెక్కిస్తారా?" అన్నాడు. "సరే, వినక్కా. పదింటికి గాలి తిరుగుతుందంటున్నారు. పొగకి హెలికాప్టర్లు లేవడం లేదు. నదివైపున్న వాళ్లందర్నీ వెనక్కి లాగేశారు. మా వాళ్లని బతిమాలితే ఒక్కసారి లోపలికెళ్లి రానిస్తామన్నారు. ఒక్కసారే. కొండ బాటా, నది రోడ్డా? నువ్వే చెప్పు."

"మంట కనపడగానే వచ్చిన బాటనే వెనక్కి వస్తుందండీ, ఎవరైనా అంతే కదా," అన్నాడు నత్త.

అది సబబైన మాటే. బుద్ధి ఉన్న వాళ్లెవరైనా అదే చేస్తారు. కానీ వెర్నాకు తెలుసు. ముప్పై ఏడేళ్ల కిందట ఆమె కూడా మెక్సికో నుంచి కెనడాకి నడిచింది. చీలమండ బెణికి నాలుగు మైళ్లు పాలబండిలో వచ్చింది. ఆ నాలుగు మైళ్లూ కాల్లో విరిగిన ముల్లులా ఇప్పటికీ సలుపుతూనే ఉన్నాయి. ఆ సంగతి తమ్ముడికి కూడా చెప్పలేదు.

"రాదు," అంది. "వంతెన దగ్గర నువ్వు ట్రక్కు ఆపిన చోట కాలు మోపుతుంది. ఏడింటికి మోపేసి ఉంటుంది. అక్కణ్ణించి నది రోడ్డునే నడుస్తుంది. తొమ్మిదింటికి పాత రాళ్ల క్వారీ దగ్గరుంటుంది."

"మంటలోంచా?"

"మంటలోంచే."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావే?"

వెర్నా పటం వైపు చూసింది. "నేనైనా అంతే చేస్తాను కాబట్టి," అంది.

ఓరిన్ ట్రక్కు వైపు నడిచాడు.

ఎనిమిదీ నలభైకి, వెర్నా, నత్త, మిగతావాళ్లు చూస్తుండగా, ఊరి చివర నది రోడ్డుకి వేసిన అడ్డుకర్ర పైకి లేచి ఓరిన్ ట్రక్కును లోపలికి వదిలి మళ్లీ దిగింది. అక్కణ్ణించి క్వారీకి అయిదు మైళ్లు. పోవడం ఒక పది నిమిషాలు, వెతకడం ఒక పది, రావడం ఇంకో పది అని వెర్నా లెక్కేసుకుంది. తొమ్మిదీ పదికి ట్రక్కు రావాలి. రాలేదు. తొమ్మిదిన్నర అయింది. సూర్యుడు పొగలో రాగి బిళ్లలా ఉన్నాడు, బూడిద కార్ల మీద రాలుతోంది. కాపలా ఉన్న అగ్నిమాపక దళం మనిషి రేడియోలో ఓరిన్‌ని పిలిచి పిలిచి ఊరుకున్నాడు.

"లోయలో సిగ్నలందదమ్మా, అంతే," అన్నాడు ఆమె ముఖం చూడకుండా.

ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మ పోయేటప్పుడు చేతిలో చెయ్యి వేసి అప్పగించిన వాడు. తన నోటి మాట మీద, అదీ ఒక ఊహ మీద, వాణ్ణి ఆ పొగలోకి తోసింది. ఆ పిల్ల కొండ బాటనే వెనక్కి వస్తూ ఉంటే? వాడు లేని మనిషి కోసం వెతుకుతూ ఉంటే? వెర్నా అడ్డుకర్ర పట్టుకుంది. కర్ర వెచ్చగా ఉంది.

సరిగ్గా పదింటికి గాలి తిరిగింది. ఆమె జుట్టు వెనక నుంచి ముందుకు పడింది. నది వైపు పొగ ఒక్కసారి పైకి లేచి, కింద ఎర్రగా కనిపించింది. నత్త నేల మీద కూర్చుని ముఖం కప్పుకున్నాడు. పది పది. పదీ పావు. పదిన్నరకి కాపలా మనిషి అందర్నీ ఊళ్లోకి పొమ్మన్నాడు. వెర్నా కదలనంది. "నన్ను కూడా ఎత్తి ట్రక్కులో పడేయాలంటే పడేయి," అంది.

అప్పుడు వినిపించింది హారను. ఆపకుండా, పిచ్చెక్కినట్టు మోగుతోంది.

పొగలోంచి ముందు వచ్చింది ట్రక్కు కాదు, మనిషి. మూతికి తడిగుడ్డ కట్టుకుని, రెండు చేతుల్లో నడక కర్రలతో, రోడ్డు మధ్యన అడుగులో అడుగేసుకుంటూ అరచెంచా వస్తోంది. ఆమె వెనకాల మూడు గజాల దూరంలో, మనిషి నడిచే వేగంతో, ఓరిన్ ట్రక్కు పాక్కుంటూ వస్తోంది. నది వైపు రంగంతా బొబ్బలెక్కి ఊడిపోయింది. ఒక పక్క అద్దం వేడికి బీటలువారింది.

అడ్డుకర్ర దగ్గరున్న వాళ్లందరూ కొయ్యబారిపోయారు. చూస్తున్నది ఏమిటో వాళ్ల కళ్లకు అందింది గానీ బుద్ధికి అందలేదు. కాపలా మనిషి బూతు ఒకటి మొదలుపెట్టి సగంలోనే మరిచిపోయాడు.

ఓరిన్ తల బయటికి పెట్టి అరిచాడు, గొంతు చీరుకుపోయి ఉంది. "ఎక్కనంటుందక్కా! మూడు చెట్లు పడ్డాయి, గంటకి పైగా రంపంతో కోస్తూ అక్కడే చచ్చాను. అవతలి నుంచి ఆ పడ్డ చెట్టెక్కి దిగింది మహాతల్లి. ఎక్కవే అంటే రోడ్డు మీద కూర్చుంది. లాగుదామంటే ఈ భుజం! ఇంకా రెండు మైళ్లేగా అంటుంది! రెండు మైళ్లే అంట! రెండు పక్కలా అంటుకుందక్కా!"

రెండు మైళ్లంటే నలభై నిమిషాలు. వదిలేసి రాలేక, ఎక్కించుకోలేక, నలభై నిమిషాలు ఆ మంటల మధ్య వాడు ఆమె వెనకాల ట్రక్కును నడిపించాడు.

అరచెంచా అడ్డుకర్ర కిందనుంచి వంగి ఇవతలికి వచ్చి ఆగింది. కనురెప్పల వెంట్రుకలు కాలిపోయి ఉన్నాయి. వెర్నా పరుగెత్తింది. చెంప పగలగొట్టాలని వెళ్లింది, గుండెకు హత్తుకోవాలని కూడా వెళ్లింది. రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తూ నోరు తెరిచింది.

"పదకొండూ నడిచావా?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు తెలియడానికి ఒక క్షణం పట్టింది. అందులో కోపం లేదు, భయం లేదు. సంతోషం ఉంది. అది విని వెర్నాకు తన మీద తనకే భయం వేసింది.

"పదకొండూ," అంది అరచెంచా, మసి ముఖంలో పళ్లు మెరుస్తుండగా.

ఓరిన్ ట్రక్కు దిగాడు. ఒక కనుబొమ్మ లేదు. కుడి చేతి మీద చొక్కా కాలి, చర్మానికి అంటుకుపోయి ఉంది. తలుపు పట్టుకుని నిలబడి అక్కను చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు, అదే ఆమె భరించలేకపోయింది.

"నన్ను కూడా ఏదన్నా అడగక్కా," అన్నాడు.

వెర్నా చేతులు ఇంకా అరచెంచా భుజాల మీదే ఉన్నాయి.